గారపండ్లు, బోరునీళ్ళు, మన మాట

మా చిన్నప్పుడు మా అవ్వ తెల్లవారగానే పిల్లలందరినీ అరుగుమీద కూర్చోబెట్టి కచ్చికబూడిదతో పండ్లు తోమించేది. ఎండకాలం సెలవులకు మా ఇంటికి వచ్చే చుట్టాలపిల్లకు మాత్రం ఎంత తోమినా పండ్లమీది పసుపుగార వదిలేది కాదు. "సోమరిది, పండ్లు తోమదు" అని అందరూ ఆ పిల్లను ఆడిపోసుకునేవారు. ఇటుకపొడి అయింది, ఉప్పు అయింది, వేపపుల్ల అయింది. చిగుళ్ళనుంచి నెత్తురు కారింది గాని గార పోలేదు. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం నేర్చుకుంది. పెండ్లిచూపుల నాటికి నవ్వడమే మానుకుంది. ఆ గార తోమితే పోయేది కాదనీ, పంటితోపాటే పుట్టిందనీ, తప్పు పిల్లది కాదు ఆ ఊరి నీళ్ళదనీ చెప్పేవారు ఆనాడు మా చుట్టుపక్కల ఒక్కరూ లేరు.

హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి సీమల్లో పుట్టిపెరిగిన చదువరులకు ఇటువంటి పిల్ల ఒకతైనా గుర్తుకు రాక మానదు. మోకాళ్ళు పట్టేసి నడవలేని తాత, మెడ తిప్పలేక మనిషంతా తిరిగి చూసే అవ్వ కూడా గుర్తుకు రావచ్చు. ఈ రోగం పేరు ఫ్లోరోసిస్. నీళ్ళలో ఫ్లోరైడు అనే లవణం మితిమీరి ఉండి, ఆ నీళ్ళే ఏళ్ళ తరబడి తాగితే వచ్చేది. దీనికి మందు లేదు. వచ్చాక పోదు, రాకుండా చూసుకోవచ్చు. రాకుండా చూసుకోవాలంటే సంగతి తెలియాలి. అందుకే ఈ రోగం చరిత్రలో మందుల కథకంటె మాటల కథే పెద్దది. ఎవరు తెలుసుకున్నారు, ఎవరికి చెప్పారు, ఏ నుడిలో చెప్పారు అన్నదే ఆ కథ.

మొదట దీని గుట్టు బయటపడింది మన దేశంలో కాదు. అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరికి 1901లో ఫ్రెడరిక్ మెకే అనే పండ్ల వైద్యుడు వచ్చాడు. ఆ ఊరివాళ్ళ పండ్లమీద గోధుమరంగు మచ్చలు చూసి వింతపడ్డాడు. అక్కడివారికి అది వింత కాదు, పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. మెకే దాదాపు ముప్పై ఏళ్ళు ఆ మచ్చల వెంట పడ్డాడు. నీళ్ళలోనే ఏదో ఉందని తేల్చాడు గాని అదేమిటో పట్టుకోలేకపోయాడు. చివరికి 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త నీటిని పరీక్షించి, అది ఫ్లోరైడు అని కనుక్కున్నాడు.

ఆ తరువాత ఆరేళ్ళకే మన మదరాసు రాజధానిలో ఈ మాట వినిపించింది. నెల్లూరు జిల్లాలో దరిశి, పొదిలి, కనిగిరి వైపు రైతులు తమ ఎద్దులు కాళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోవడం ముందుగా గమనించారని చెబుతారు. మనుషులకూ నడుములు వంగిపోతున్నాయి, మెడలు పట్టేస్తున్నాయి. మదరాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, పండిత్, రాఘవాచారి గార్లు అక్కడి మనుషులనూ నీళ్ళనూ పరీక్షించి 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో వ్యాసం అచ్చువేశారు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి వచ్చిన తొలి రచనల్లో అది ఒకటి. ఆ తాలూకాలు తరువాత 1970లో ఏర్పడిన జిల్లాలోకి వెళ్ళాయి, దానికే పిమ్మట ప్రకాశం అని పేరు పెట్టారు.

ఇక్కడ ఒక్క సంగతి ఆలోచించాలి. రోగులు తెలుగువారు. పరిశోధన జరిగింది మదరాసులో. వ్యాసం ఇంగ్లీషులో వచ్చింది. డాక్టర్లు డాక్టర్లతో మాట్లాడుకోవడానికి అది అవసరమే, దానిని తప్పుపట్టడానికి లేదు. అయితే దరిశి రైతుకు అదే మాటను అతని నుడిలో చెప్పే ఏర్పాటు కూడా ఉండాలి గదా. ఆనాడు హోసూరు తాలూకా సేలం జిల్లాలో, అదే మదరాసు రాజధానిలో ఉండేది. ఇక్కడి రైతుకూ ఆ మాట చేరలేదు.

తెలుగులో వైద్యం చెప్పే ప్రయత్నాలు అప్పటికి లేకపోలేదు. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు గారు మొదలైనవారు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి చరిత్రతోపాటు శాస్త్రాన్ని కూడా తెలుగులో అచ్చువేయించారు. మదరాసులో ఇంగ్లీషు వైద్యం చదివి, పిమ్మట పండిత గోపాలాచార్యుల వద్ద ఆయుర్వేదం నేర్చిన ఆచంట లక్ష్మీపతి గారు 'అంటువ్యాధులు' అనే పుస్తకం తెలుగులో రాశారు. రోగం ఎలా పుడుతుంది, ఎలా పాకుతుంది, ఇల్లాలు ఏం చేయాలి అన్నది ఇంట్లో చదువుకునేలా చెప్పాలన్నది ఆ తరంవారి పట్టుదల.

మన హోసూరు తాలూకా తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీ గారు తమ తమిళానికి ఇదే పని చేశారు. శాస్త్రపదాలకు తేలిక తమిళమాటలు కూర్చడానికి 1916లో ఒక సంఘం పెట్టారు. తరువాత 'తిణ్ణై రసాయనం' అనే పుస్తకం రాశారు. తిణ్ణై అంటే మన అరుగు. అరుగుమీద కూర్చుని మాట్లాడుకునే మాటల్లో రసాయనశాస్త్రం చెప్పవచ్చునని మన తాలూకా మనిషే చూపించారు. ఏ నుడివారైనా తమ నుడికి చేసుకోవలసిన పని అది.

ఇక బోరుబావుల సంగతి. పూర్వం మన ఊళ్ళలో తాగునీళ్ళు చెరువునుంచి, మట్టబావినుంచి, దిగుడుబావినుంచి వచ్చేవి. అవి వాననీళ్ళకు దగ్గర. వాననీళ్ళలో ఫ్లోరైడు లేనట్టే లెక్క. అయితే ఆ నీళ్ళలో వేరే చేటు ఉండేది. కలరా, విరేచనాలు, నారికురుపు అన్నీ వాటినుంచే. వానలు తప్పిన కాలాల్లో, 1960ల చివరినుంచీ 1970లలోనూ, ఊరూరా బోర్లు వేసి చేతిపంపులు బిగించారు. మన పొరుగున ఉన్న తిరుచెంగోడు బోరుబండ్లకు దేశమంతా పేరు తెచ్చుకుంది. బోరునీళ్ళు తేటగా ఉంటాయి, వాటిలో పురుగు ఉండదు. జనం నిజంగానే కలరా బాధ తగ్గి ఊపిరి పీల్చుకున్నారు.

అయితే మన సీమ నేల కింద ఉన్నది గట్టిరాయి. కృష్ణగిరి జిల్లా గ్రానైటు గనులకు పేరుపడిందని అందరికీ తెలుసు. ఆ జాతి రాళ్ళలో ఫ్లోరైడు ఉన్న ఖనిజాలు ఉంటాయి. రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిన నీళ్ళు దానిని కరిగించుకుంటాయి. ఒక బోరులో మంచినీళ్ళు పడితే, నూరడుగుల అవతల వేసిన బోరులో చేటునీళ్ళు పడవచ్చు. రంగులో, రుచిలో, వాసనలో ఏ తేడా తెలియదు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలనీ, వేరే దిక్కులేనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకోవచ్చుననీ మన దేశపు ప్రమాణం. ఆ లెక్క చెప్పవలసింది పరీక్షశాలే గాని నాలుక చెప్పలేదు.

ఇక్కడే పాత పాఠానికీ కొత్త పాఠానికీ ముడి పడింది. నీళ్ళు కాచి తాగండి అని తరతరాలుగా డాక్టర్లు చెప్పారు. క్రిముల విషయంలో అది నూటికి నూరుపాళ్ళు నిజం. ఫ్లోరైడు మాత్రం కాచితే పోదు. నీరు ఆవిరైపోగా లవణం కుండలోనే మిగులుతుంది కాబట్టి, ఎంత ఎక్కువ కాచితే మిగిలిన నీటిలో దాని పాలు అంత పెరుగుతుంది. ఇల్లాలు బిడ్డల మేలు కోరి పొయ్యిమీద పెట్టిన కుండే ఆమెకు తెలియకుండా చేటు పెంచుతుంది. సగం చెప్పిన పాఠంవల్ల వచ్చే కీడు ఇటువంటిది. ఏ రోగానికి ఏ జాగ్రత్త అన్నది విడదీసి చెప్పాలి.

విడదీసి చెబితే ఎంత పని జరుగుతుందో నారికురుపు చరిత్ర చూపుతుంది. ఆ పురుగుకు మందూ లేదు, టీకా లేదు. రాయలసీమలో, తెలంగాణలో, తమిళనాడులో, రాజస్థానంలో కాలినుంచి దారంలా వెళ్ళుకొచ్చే ఆ పురుగుతో జనం మంచం పట్టేవారు. 1980ల మొదట్లో ప్రభుత్వం దాని నిర్మూలనకు పూనుకుంది. నీళ్ళను గుడ్డతో వడగట్టి తాగండి, కురుపు ఉన్నవాళ్ళు దిగుడుబావిలో కాలు పెట్టకండి అన్న రెండు మాటలు ఇంటింటికీ చెప్పారు, దిగుడుబావులకు మెట్లు మూసి పైనుంచి తోడుకునేలా చేశారు. దేశంలో చివరి రోగి 1996లో రాజస్థానంలో కనిపించాడు. 2000లో మన దేశానికి నారికురుపు లేదన్న ధ్రువపత్రం వచ్చింది.

ఫ్లోరోసిస్ విషయంలో ఆ మాట పల్లెలకు ఆలస్యంగా చేరింది. నల్గొండ జిల్లాలో ఈ రోగం ఉందని 1955లోనే సిద్దీఖీ గారు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. మోకాళ్ళు రెండూ లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకునే పిల్లల గురించి 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవారు లాన్సెట్ పత్రికలో రాశారు. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తేర్చే పద్ధతిని నాగపూరు నీరీ సంస్థవారు 1970లలో తయారుచేసి దానికి నల్గొండ పద్ధతి అనే పేరు పెట్టారు. ఊరి పేరు ప్రపంచమంతా తెలిసింది. ఊరివాళ్ళు మాత్రం ఆ నీళ్ళే తాగుతూ ఉండిపోయారు.

అప్పుడు రోగులే పాఠం చెప్పడానికి పూనుకున్నారు. దుశ్చర్ల సత్యనారాయణ గారి జలసాధన సమితి 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి వందల మందిచేత నామినేషన్లు వేయించింది. మొత్తం 480 మంది పోటీలో మిగిలారు. బ్యాలెట్టు కాగితం పుస్తకమంత అయింది. ఎన్నిక వాయిదా పడింది. ఇంతమంది ఎందుకు నిలబడ్డారని దేశమంతా అడిగింది. మా నీళ్ళలో ఫ్లోరైడు ఉంది అన్న జవాబు ఢిల్లీ దాకా వినిపించింది. తన రోగానికి కారణం తెలిసిన మనిషి ఆసుపత్రి వరుసలో ఊరకే నిలబడి ఉండడు. తన కర్మ అనుకున్నంత కాలమే ఊరుకుంటాడు. రోగికి విషయం చెప్పడంలో ఉన్న బలం ఇదే.

మన సీమకు వద్దాం. 1965లో సేలంనుంచి విడిపోయిన ధర్మపురి జిల్లాలో హోసూరు, కృష్ణగిరి చేరాయి. 2004లో కృష్ణగిరి వేరే జిల్లా అయింది. ఈ రెండు జిల్లాల బోరుబాధ తీర్చడానికి కావేరినుంచి నీళ్ళు తేవాలన్న ఆలోచన చాలా కాలంనుంచి ఉన్నా, కర్ణాటక అభ్యంతరాలతో నలుగుతూ వచ్చింది. చివరికి జపాను ఆర్థిక సహాయంతో హొగేనక్కల్ తాగునీటి, ఫ్లోరోసిస్ నివారణ పథకానికి 2008లో శంకుస్థాపన జరిగి, 2013లో నీళ్ళు వదిలారు. ధర్మపురి, కృష్ణగిరి, అప్పటికి పురపాలికగా ఉన్న హోసూరు, వాటితోపాటు ఆరువేలకు పైగా పల్లెలూ వాడలూ దాని కిందికి వచ్చాయి. పథకం పేరులోనే రోగం పేరు ఉండడం గమనించదగింది. గొట్టాలు వేయడంతో సరిపెట్టక, బడిపిల్లలకూ తల్లులకూ ఫ్లోరైడు సంగతి తెలియజెప్పడాన్ని కూడా అందులో భాగం చేశారు. కేంద్ర ప్రభుత్వం ఫ్లోరోసిస్ నివారణకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది కూడా 2008-09లోనే. తొలిగా ఎంచుకున్న జిల్లాల్లో నెల్లూరు ఒకటి. 1937లో అచ్చైన మాట డెబ్బై ఏళ్ళకు పల్లెదారి పట్టిందన్నమాట.

కొళాయి వచ్చింది, ఇక చెప్పేదేముంది అనిపించవచ్చు. చెప్పవలసింది అప్పుడే ఎక్కువ. కొళాయినీళ్ళు రాని రోజున జనం మళ్ళీ బోరుకు పోతారు. తాగడానికి కొళాయినీళ్ళు పట్టుకుని, వంటకు మాత్రం బోరునీళ్ళు వాడే ఇళ్ళున్నాయి. అన్నం, పప్పు, సంగటి ఆ నీళ్ళనే పీల్చుకుంటాయి గదా. ఎనిమిదేళ్ళ లోపు పిల్లల చిగుళ్ళ కింద శాశ్వతంగా ఉండవలసిన పండ్లు తయారవుతూ ఉంటాయి. ఆ వయసులో తాగిన నీళ్ళే పెద్దయ్యాక పంటిమీద గారై కనిపిస్తాయి. కాబట్టి ఇంట్లో మంచినీళ్ళు కొంచెమే ఉంటే మొదట దక్కవలసింది పసివాళ్ళకు, కడుపుతో ఉన్నవాళ్ళకు. ఈ ఒక్క మాట తెలిసిన తల్లి బిందె పంచే తీరే మారిపోతుంది.

తిండి సంగతీ అంతే. కాల్షియం తక్కువైన ఒంటికి ఫ్లోరైడు చేటు ఎక్కువ. మన రాగుల్లో నూరు గ్రాములకు సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో ఉండేది అందులో చాలా కొద్దిపాలు. చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడు కొంత ఎక్కువగా బయటికి పోతుందని హైదరాబాదు పోషకాహార సంస్థవారు 2002లో అచ్చువేసిన పరిశోధనలో చూపారు. చింతపండు ఫ్లోరోసిస్‌కు మందు అని దీనికి అర్థం కాదు. మంచినీళ్ళకు బదులు ఏదీ రాదు. అయినా "కాల్షియం తీసుకోండి" అన్నప్పుడు బిత్తరపోయే అవ్వ, "సంగటి మానొద్దు, మజ్జిగ మానొద్దు అవ్వా" అంటే వెంటనే తల ఊపుతుంది.

ఇక మాట దగ్గరికి వద్దాం. పెద్దాసుపత్రిలో డాక్టరు తమిళంలో "ఎంగె వలిక్కిదు, పాట్టీ?" అని అడుగుతారు. మన అవ్వకు సంతతమిళం వచ్చు. ఎక్కడ నొప్పి అని అడిగారని తెలుసు. కానీ జవాబు ఆమెకు తెలుగులోనే ఉంది. మన నుడిలో నొప్పి ఒకటి కాదు. పోటు వేరు, సలుపు వేరు, పీకుడు వేరు, తిమ్మిరి వేరు, మంట వేరు, కలుక్కుమనడం వేరు. కీలు బిగిసి సలిపితే ఒక సంగతి. కాళ్ళు తిమ్మిరెక్కి మొద్దుబారితే వెన్నెముక దగ్గర నరం నలుగుతున్నదేమోనని డాక్టరు జాగ్రత్తపడవలసిన సంగతి. ముదిరిన ఫ్లోరోసిస్‌లో అలా జరుగుతుంది. అవ్వ ఈ రెంటినీ ఒకే తమిళమాటలో "వలి" అని సరిపెట్టి మాత్రల చీటీ పట్టుకుని వచ్చేస్తుంది. డాక్టరు చెడ్డవారు కారు, అవ్వ తెలివితక్కువది కాదు. నడుమ ఒక మనిషి లేకపోయింది.

ఆ నడిమి మనిషిని తయారుచేయవచ్చునని పాత ధర్మపురి జిల్లాలోనే ఇద్దరు డాక్టర్లు చేసి చూపారు. రెజీ జార్జ్, లలితా రెజీ దంపతులు 1993లో సిట్టిలింగి లోయలో పూరిగుడిసెలో వైద్యం మొదలుపెట్టారు. అక్కడి మలవాసి, లంబాడి ఆడవాళ్ళకే పని నేర్పారు. పెద్ద చదువులు లేని ఆ పడుచులు పక్కన నిలబడి చూసి, చేసి, తప్పు దిద్దుకుని, కాన్పులు చేయడం, బిడ్డలను తూచడం, రోగం గురించి తమ వాళ్ళకు తమ మాటలో చెప్పడం నేర్చుకున్నారు. గురువు చెయ్యి పట్టి నేర్పితే శిష్యురాలు ఊరి చెయ్యి పట్టింది.

మన జిల్లాకే ఇంకొక గుర్తింపు ఉంది. తమిళనాడు ప్రభుత్వం 'మక్కళై తేడి మరుత్తువం', అంటే జనాన్ని వెతుక్కుంటూ వచ్చే వైద్యం అనే పథకాన్ని 2021 ఆగస్టు 5న మొదలుపెట్టింది మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే. ఊరి ఆడవాళ్ళే ఆరోగ్య కార్యకర్తలై రక్తపోటు, చక్కెర రోగులకు ఇంటిగడప దగ్గర పరీక్ష చేసి మందులు ఇస్తారు. ఇంటికి వచ్చిన ఆ అమ్మాయి తెలుగింటిదైతే, అవ్వ మంచంమీద కూర్చుని అరగంట తన తిమ్మిరి సంగతీ సలుపు సంగతీ చెప్పుకుంటుంది. తెలుగు ఎక్కువగా మాట్లాడే పల్లెల్లో తెలుగు తెలిసినవారినే ఈ పనికి ఎంచుకోవాలని అడగడం మన హక్కు. అడిగి సాధించుకోవలసింది మనమే.

మరొక వంతెన మన ఇంట్లోనే ఉంది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత మన పిల్లలు ఒకటో తరగతినుంచి తమిళం చదువుతున్నారు. దానిమీద మన బాధలు, కోర్టు వ్యవహారాలు చదువరులకు కొత్త కావు. బడిలో ఫ్లోరైడు పాఠం పిల్ల తమిళంలో వింటుంది. ఇంట్లో అవ్వకు తెలుగే తెలుసు. పిల్లకు ఇంటి తెలుగు గట్టిగా ఉంటే ఆ పాఠం సాయంత్రానికి అవ్వ చెవిన పడుతుంది. పిల్లకు తెలుగు తప్పిపోతే పాఠం గడప దగ్గరే ఆగిపోతుంది. తెలుగు నిలవాలని మనం అడిగేది కథలకోసం, పద్యాలకోసం మాత్రమే అనుకునేవారికి ఈ మాట చెప్పాలి. మందుచీటీ అర్థం కావడానికీ, బిందెలో ఏ నీళ్ళు నింపాలో తెలియడానికీ కూడా ఇంటి నుడి కావాలి.

చెప్పేవారికి ఒక చిన్న పద్ధతి ఉంది. చెప్పిన తరువాత "అర్థమైందా?" అని అడిగితే మనవాళ్ళు మర్యాదకు అయిందనే అంటారు. "ఇంటికి పోయి కోడలికి ఏం చెబుతావు అవ్వా?" అని అడగాలి. ఆమె తన మాటల్లో తిరిగి చెబితే అప్పుడు తెలుస్తుంది, ఏది అందిందో ఏది జారిందో. జారినదాన్ని మళ్ళీ చెప్పాలి. దీనికి ఖర్చు లేదు, రెండు నిమిషాల ఓపిక చాలు.

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్విన మా చుట్టాలపిల్ల ఇప్పుడు ఒక అవ్వ. మొన్న ఒక పెండ్లిలో కలిసినప్పుడు ఆమె గారపండ్ల కారణం చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే నేను సోమరిదాన్ని కాదన్నమాట" అంది. యాభై ఏళ్ళకు పైగా ఆమె మోసిన నింద అది. ఈ వ్యాసం చదివినవారు తమ ఊరి బోరునీళ్ళు పరీక్ష చేయించండి. ఫలితం ఎంత వచ్చిందో ఇంట్లో పెద్దవాళ్ళకు మన మాటలో చెప్పండి. గారపండ్ల పిల్ల ఎదురైతే, తప్పు నీది కాదమ్మా అని ముందుగా ఆ మాట చెప్పండి.